అయిదేళ్ల పిల్లవాడికి కరాటే: ముందు పడడం, ఆగడం నేర్పే మాస్టారిని వెతకండి

ప్రశ్న: మేము నెల్లూరు వేదాయపాళెంలో ఉంటాము. మా అబ్బాయికి అయిదేళ్లు నిండాయి, జూన్‌లో ఒకటో తరగతిలోకి వెళతాడు. స్కూలు ఆటోలో పెద్ద పిల్లలు తోస్తున్నారని ఏడుస్తూ ఇంటికి వస్తున్నాడు. కరాటేలో చేర్పిస్తే ధైర్యం వస్తుందని మావారు అంటున్నారు, ఎముకలు విరుగుతాయి వద్దని అత్తగారు అంటున్నారు. మాకు దగ్గరలో రెండు చోట్ల నేర్పుతున్నారు. ఒకటి మెయిన్ రోడ్డు మీద ఎ.సి. హాలు, ఏడాది ఫీజు ఒకేసారి కడితే రెండేళ్లలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ అని, ఈ మే నెల శిబిరంలోనే చేరమని చెబుతున్నారు. రెండవది ఒక పాఠశాల ఆవరణలో సాయంత్రం పూట జరిగే తరగతి. ఫీజు నెలనెలా కట్టాలి, బెల్టుల మాట ఎవరూ ఎత్తలేదు. ఎక్కడ చేర్పించాలి? అసలు ఈ వయసులో చేర్పించవచ్చునా?

జవాబు:

అమ్మా, చేర్పించవచ్చును. అయితే ఈ మే నెలలో వద్దు, రెండేళ్లలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ అన్న చోట అసలే వద్దు. రెండవ చోట కూడా మీరు స్వయంగా రెండు సాయంత్రాలు ఒక పక్కన కూర్చుని చూసిన తరువాతనే చేర్పించండి. అలా కూర్చున్నప్పుడు ఏమి చూడాలో చెప్పడానికే ఈ జవాబు ఇంత పొడుగు అవుతోంది.

నేను ప్రకాశం జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 28 ఏళ్లు వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. పిల్లలు నన్ను చివరిరోజు వరకూ డ్రిల్లు మాస్టారనే పిలిచారు. ఉద్యోగానికి ముందు నెల్లూరులో కరాటే, ఆ తరువాత కొంతకాలం జూడో నేర్చుకున్నాను. ఇప్పటికీ మా వీధి పిల్లలు పది పన్నెండు మందికి తెల్లవారుజామున నేర్పుతున్నాను.

అయిదారేళ్ల పిల్లవాడికి ఈ విద్యల్లో నిజంగా నేర్పగలిగినవి రెండే రెండు: దెబ్బ తగలకుండా పడడం, చెప్పిన క్షణంలో ఆగడం. గుద్దడం, తన్నడం తరువాతి సంగతులు. కుడి ఏదో ఎడమ ఏదో ఇంకా తడబడే ఆ వయసులో గుద్దులో బలమూ ఉండదు, తన్నులో గురీ ఉండదు. తల్లిదండ్రులకు చూడముచ్చటగా ఉంటుందని కొందరు మాస్టర్లు మొదటి రోజునుంచే వరుసలో నిలబెట్టి గాలిలోకి గుద్దిస్తారు, మనమూ సెల్‌ఫోనులో తీసుకుని బంధువులకు పంపుతాము. తప్పేమీ లేదు, కానీ నేర్చుకోవడం అక్కడ జరగడం లేదు.

పడడం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లలో కరాటే తరగతుల్లో చాలావరకు వదిలివేసే పాఠం ఇదే. జిగొరో కానో 1882లో జపానులో జూడోను రూపొందించినప్పుడు, అది ఎదుటివాడిని ఎత్తి పడవేసే విద్య కనుక, పడినవాడు క్షేమంగా లేస్తేనే మరునాడు సాధన సాగుతుందన్న లెక్కతో పడే పద్ధతికి పెద్దపీట వేశారు. దానిని వారు ఉకెమీ అంటారు. పిల్లవాడు మొదట మ్యాట్ మీద కూర్చుని, గడ్డాన్ని రొమ్ముకు ఆనించి, వీపును గుండ్రంగా చేసుకుని వెనక్కి దొర్లుతాడు. దొర్లుతూనే రెండు ముంజేతులతో మ్యాట్‌ను గట్టిగా చరుస్తాడు. గడ్డం రొమ్ముకు ఆనుకుని ఉంటే తల వెనుక భాగం నేలకు కొట్టుకోదు. చేతులు చరిస్తే పడిన అదురు ఒక్కచోట నిలవకుండా చేతుల పొడవునా పంచుకుపోతుంది. కూర్చుని చేయడం వచ్చిన తరువాత గొంతుక్కూర్చుని, అది వచ్చిన తరువాతనే నిలబడి చేయిస్తారు. పిల్లలు సాధారణంగా పడేటప్పుడు చేయి చాపి అరచేతిని నేలకు ఊనుతారు. మణికట్టు దగ్గర ఎముక విరిగేది ఎక్కువగా ఆ ఊనడం వల్లనే. ఆ అలవాటును మాన్పించడానికి కొన్ని నెలలు పడుతుంది.

నా దగ్గర నేర్చుకున్న ఒక ఎనిమిదేళ్ల అమ్మాయి కాలవగట్టు మీద సైకిలు తొక్కుతూ వెనక్కి పడింది. మోచేతులు రెండూ గీరుకుపోయాయి గానీ తలకు ఏమీ కాలేదు. ఆ తల్లి మరునాడు వచ్చి, "మీరు నేర్పిన గుద్దులు ఎవరికి పనికొస్తాయో గానీ, ఆ దొర్లుడు మాత్రం పనికొచ్చింది మాస్టారూ" అన్నది. కాబట్టి మీరు వెళ్లిన చోట మొదట అడగవలసిన ప్రశ్న, "పిల్లలకు పడడం ఎప్పుడు నేర్పుతారు?" అని. కరాటే మాస్టరు "అది జూడోవాళ్ల పని" అని కొట్టిపారేస్తే, ఆయన పెద్దపిల్లలకు మంచి గురువు కావచ్చు, మీ అబ్బాయికి మాత్రం ఇప్పుడే కాదు.

రెండవది ఆగడం. కరాటేలో ఆపడానికి "యమే" అని ఆజ్ఞ ఇస్తారు. మంచి తరగతిలో చిన్నపిల్లలను హాలు నిండా పరుగెత్తించి, ఉన్నట్టుండి యమే అని కేక వేసి, ఎక్కడివాళ్లను అక్కడ బొమ్మల్లా నిలబెడతారు. చూసేవారికి ఆటలాగే ఉంటుంది. ఒంటిని మనసు చెప్పినట్టు వినేలా చేసే సాధన అది, ఆ వయసులో అది చాలా కష్టమైన పని కూడాను. మొదటి నెలలో మీ అబ్బాయి ఇంట్లో తమ్ముడి మీదో, నాన్న పొట్ట మీదో ప్రయోగాలు చేయడం ఖాయం. అప్పుడు తిట్టకుండా తరగతిలో వాడే అదే మాటతో ఆపించండి. ఆగితే మెచ్చుకోండి, ఆగకపోతే ఆ వారం తరగతి మాన్పిస్తానని చెప్పి నిజంగానే మాన్పించండి.

మీ అత్తగారి భయాన్ని తేలికగా తీసిపారేయకండి. పిల్లల పొడవాటి ఎముకల చివర్లలో ఇంకా గట్టిపడని మృదులాస్థి పొర ఉంటుంది, వైద్యులు గ్రోత్ ప్లేట్ అంటారు. ఎముక పొడవు పెరిగేది అక్కడే. దానికి గట్టి దెబ్బ తగిలితే ఆ ఎముక ఎదుగుదలే దెబ్బతినవచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఈ సంగతి సరిగా తెలియదు. నేను నేర్చుకున్నట్టే నేర్పాలనే మూర్ఖత్వంతో ఏడేళ్ల పిల్లవాడి చేత సిమెంటు గచ్చు మీద పిడికిళ్లు ఆనించి దండీలు తీయించాను. నాలుగో రోజుకు వాడి మణికట్టు వాచింది. ఎక్స్‌రే తీసిన డాక్టరుగారు విరగలేదని చెప్పి, ఆ తరువాత నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాటలు ఇక్కడ రాయడం బాగుండదు. ఆ రోజునుంచి పన్నెండేళ్లు నిండని పిల్లల చేత పిడికిళ్ల మీద బరువు మోయించలేదు.

అందుచేత మీరు చూసే తరగతిలో ఈ కిందివాటిలో ఏ ఒక్కటి కనిపించినా వెనక్కి వచ్చేయండి. పిల్లల చేత పెంకులు, ఇటుకలు, టైల్స్ పగలగొట్టించడం. కాళ్లు రెండు పక్కలకు చాపి కూర్చోబెట్టి పైనుంచి తొడలు తొక్కి వంచడం. శిక్షగా కప్పగంతులు, మోకాళ్ల నడక. వార్షికోత్సవాల్లో చేతుల మీదుగా మోటారుసైకిలు నడిపించడం. చివరిది విద్యా కాదు, సాహసమూ కాదు, బుద్ధిలేనితనం. ఇక తలకు దెబ్బ తగిలే పోటీల సంగతి: దెబ్బ తగలని అభ్యాసంలో ముందు నేర్పు, మానసిక పరిపక్వత వచ్చిన తరువాతనే దెబ్బ తగిలే సాధనలోకి పిల్లలను దింపాలని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2016లో సూచించింది. మన పిల్లల తలలు అందుకు భిన్నమైనవేమీ కావు.

పద్ధతిగా నేర్పితే మాత్రం చిన్నపిల్లలకు కరాటే పరాయిది కాదు. ఒకినావా ద్వీపంలో 20వ శతాబ్దం తొలి ఏళ్లలో అంకో ఇతోసు అనే గురువు ఈ విద్యను పాఠశాలల్లోకి తెచ్చినప్పుడు, బడిపిల్లలకు తగినట్టుగా పినాన్ అనే సులువైన కటాలను, అంటే ఒక వరుసలో చేసే కదలికలను, కూర్చారు. ఇవాళ మన ఊళ్లలో పిల్లలు నేర్చుకునే హేయాన్ కటాలు వాటి మరో రూపమే.

ఇప్పుడు బెల్టు విషయం. నల్ల బెల్టు పద్ధతి జూడోలో కానోగారు పెట్టినది. కరాటేను ఒకినావానుంచి 1922లో జపాను ప్రధాన భూభాగానికి తీసుకువెళ్లిన గిచిన్ ఫునకోషి దానిని అక్కడినుంచి తీసుకుని 1924లో తన శిష్యులకు మొదటిసారి ఇచ్చారు. అంటే కరాటేలో బెల్టు వయసు సుమారు నూరేళ్లే. విద్య అంతకన్నా ఎంతో పాతది. చాలా సంప్రదాయాల్లో తెల్ల బెల్టుకూ నల్ల బెల్టుకూ మధ్య ఎనిమిది నుంచి పది మెట్లు ఉంటాయి. ఒక్కొక్క మెట్టుకు నాలుగైదు నెలల సాధన అనుకుంటే, ఒక్కసారి కూడా తప్పకుండా సాగినవాడికి సైతం సుమారు మూడు నాలుగేళ్లు పడుతుంది. చిన్నపిల్లవాడికి ఇంకా ఎక్కువే పట్టాలి. టైక్వాండోకు కేంద్రమైన కొరియాలోని కుక్కివాన్ సంస్థ 15 ఏళ్లు నిండని పిల్లలకు నల్ల బెల్టు స్థాయి వచ్చినా దానిని పెద్దలకు ఇచ్చినట్టు డాన్ అనకుండా పూమ్ అని విడిగా పేరు పెట్టి ఇస్తుంది. అలాంటిది మీ ఏడేళ్ల పిల్లవాడికి ఫలానా తేదీకి బ్లాక్ బెల్ట్ అని ముందే మాట ఇచ్చారంటే, అక్కడ పరీక్ష లేదన్నమాట, పరీక్ష ఫీజు మాత్రం ఉందన్నమాట. ప్రతి బెల్టు టెస్టుకూ, సర్టిఫికెట్టుకూ, ఏదో ఒక రికార్డు కార్యక్రమంలో పాల్గొనడానికీ విడివిడిగా ఎంత కట్టాలో కాగితం మీద రాసి ఇమ్మని అడిగి చూడండి. ఏడాది ఫీజు కన్నా ఆ లెక్క పెద్దదైన సందర్భాలు నేను చూశాను. కొందరు తల్లిదండ్రులు ఈ బెల్టు ముందుముందు స్పోర్ట్స్ కోటాకు పనికివస్తుందని అనుకుంటారు. బెల్టు సర్టిఫికెట్టు వేరు, గుర్తింపు ఉన్న పోటీల్లో గెలిచి తెచ్చుకునే సర్టిఫికెట్టు వేరు. మీ అబ్బాయికి ఆ ఆలోచన ఇంకో పదేళ్ల దాకా అక్కరలేదు.

కరాటేనా, టైక్వాండోనా, జూడోనా అన్న చర్చలోకి నేను ఎక్కువగా పోను. జూడో 1964లో మొదలై, 1968లో తప్ప, అప్పటినుంచీ, టైక్వాండో 2000నుంచీ ఒలింపిక్స్‌లో పతకాల క్రీడలుగా ఉన్నాయి, కరాటే ఒక్క 2021 నాటి టోక్యో పోటీల్లో మాత్రమే కనిపించింది. మీవారు పతకాల గురించి మాట్లాడితే ఇది చెప్పండి. అయిదేళ్ల వయసుకు విద్య పేరు ముఖ్యం కాదు, నేర్పే మనిషి ముఖ్యం. ఒకవేళ మీ ఊరివైపు పీర్ల పండుగకో సంక్రాంతికో కర్రసాము తిప్పే పెద్దమనిషి ఎవరైనా ఉండి, ఓపికగా నేర్పుతానంటే, పిల్లవాడికి ఏడెనిమిదేళ్లు వచ్చాక తేలికపాటి కర్రతో అదీ మంచి విద్యే. బెల్టులు లేవు, ఫీజు లేదు, మణికట్టూ భుజమూ చక్కగా తిరుగుతాయి.

మే నెలలో వద్దన్నాను. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, మన నెల్లూరు ఒంగోలు ప్రాంతంలో అది ఉత్త సామెత కాదు. హాలులో ఎ.సి. ఉంది కదా అంటారేమో. వేసవి శిబిరంలో ఎండకన్నా రద్దీ పెద్ద చిక్కు. సెలవుల్లో పిల్లలు గుంపుగా చేరతారు, మాస్టరు ఒక్కరే ఉంటారు, నెలాఖరుకు వేదిక మీద ప్రదర్శన ఉండాలి కాబట్టి అందరికీ నాలుగు ఫోజులు వచ్చేలా తొందరపెడతారు. బిడియపడే పిల్లవాడు ఆ గుంపులో కనిపించకుండా పోతాడు. జూన్‌లో కొత్త తరగతి, కొత్త టీచరు, అది వాడికి చాలినంత పని. అక్టోబరునుంచి డిసెంబరు దాకా మనకు వానలు, తుపానులు. ఆరుబయట తరగతులు సగం రోజులు జరగవు. సంక్రాంతి సెలవులు అయిపోయిన వారం చేర్పిస్తే చల్లని వాతావరణంలో మూడు నెలలు కుదురుగా సాగుతుంది, అప్పటికి వాడికి ఆరేళ్లకు దగ్గర పడతాయి. ఈలోగా ఇంట్లో పరుపు మీద దొర్లించండి, వీధిలో తొక్కుడుబిళ్ల ఆడనివ్వండి. ఒంటికాలి మీద నిలకడ రావడానికి తొక్కుడుబిళ్లను మించిన పాఠం నేను ఏ కరాటే తరగతిలోనూ చూడలేదు.

ఆ పాఠశాల ఆవరణకు వెళ్లినప్పుడు ముందు వరుసలో చురుకుగా తన్నే పిల్లలను చూడకండి, వారు ఎవరి దగ్గరైనా నేర్చుకుంటారు. చివరి వరుసలో అడుగు తడబడుతున్న పిల్లవాడిని చూడండి. మాస్టరు వాడి దగ్గరకు వస్తున్నారా, వచ్చి ఏమంటున్నారు, వాడిని చూసి మిగతావారు నవ్వితే ఆయన ఏమి చేస్తున్నారు అన్నవి గమనించండి. ఆ రెండు సాయంత్రాలూ మీకు ఇక్కడే సమాధానం దొరుకుతుంది. తరువాత నేల చూడండి: పడడం నేర్పడానికి మ్యాట్లు ఉండాలి, ఉత్త సిమెంటు గచ్చు అయితే గెంతించడం కూడా తగ్గించాలి. పదిహేను నిమిషాలకొకసారి నీళ్లు తాగనిస్తున్నారా? నీళ్లు అడగడాన్ని క్రమశిక్షణ లేకపోవడంగా చూసే మాస్టర్లు ఇంకా ఉన్నారు. చిన్నపిల్లలకు ముప్పావుగంట, వారానికి రెండు మూడు రోజులు చాలు. పదిహేను మంది చిన్నపిల్లలకు ఒక మాస్టరు, ఒక సహాయకుడు ఉంటే మంచిది.

ఇంకొక విషయం మొహమాటం లేకుండా చెప్పాలి. ఈ విద్యలో భంగిమ సరిదిద్దడానికి పిల్లల ఒంటిని తాకవలసి వస్తుంది. మంచి మాస్టరు అందరి ఎదుట, ముందుగా చెప్పి, మోచెయ్యి, భుజం, మోకాలు వంటి చోట్లే తాకుతారు, లేదా తానే చేసి చూపిస్తారు. తల్లిదండ్రులు తరగతి చూడకూడదన్న నియమం ఏ కారణంతో పెట్టినా ఒప్పుకోకండి. దుస్తులు మార్చుకోవడం ఇంట్లోనే జరగాలి. ఎవరు ఎక్కడ తాకకూడదో, అలా తాకితే కేక వేసి వచ్చి మీకు చెప్పాలనీ మొదటి తరగతికి ముందే వాడికి నేర్పండి. అబ్బాయి కదా అని దీనిని వదిలివేయవద్దు, 2012 నాటి పోక్సో చట్టం ఆడపిల్లలతో సమానంగా మగపిల్లలకూ వర్తిస్తుంది. ఎప్పుడైనా అనుమానం వస్తే పిల్లల సహాయవాణి 1098కు ఫోను చేయవచ్చు.

ఆటోలో తోసే పిల్లల సంగతి కరాటేతో కలపకండి. కరాటే నేర్చుకున్న అయిదేళ్లవాడు కూడా నాలుగో తరగతి పిల్లలను ఆపలేడు, వాడు ఆపాలని ఎదురుచూడడం న్యాయమూ కాదు. అది పెద్దలు చేయవలసిన పని. రేపే ఆటో డ్రైవరుతో మాట్లాడి వాడిని ముందువైపు, ఆడపిల్లల పక్కనో తన కంటికి కనిపించేచోటో కూర్చోబెట్టమనండి, స్కూల్లో క్లాస్ టీచరుకు చెప్పండి, తోసిన పిల్లల పేర్లు తెలిస్తే వారి తల్లిదండ్రులతో మర్యాదగా మాట్లాడండి. ఈ విషయంలో తరగతివల్ల వాడికి కలిగే ఒకే ఒక్క లాభం గొంతు. కియాయ్ అని పొట్టలోంచి కేక వేయడం కరాటేలో మొదటినుంచీ నేర్పుతారు. ఇంట్లో వినీవినపడనట్టు మాట్లాడే పిల్లలు కొన్ని వారాలకు గట్టిగా "వద్దు" అనగలగడం నేను చాలాసార్లు చూశాను. ఆటోలో వాడికి గుద్దుకన్నా ఆ "వద్దు" ఎక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకంటే అది డ్రైవరుకూ వినపడుతుంది.

చేర్పించే ముందు పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. ఆయాసం, ఫిట్స్, గుండె సంబంధమైన ఇబ్బంది ఏదైనా ఉంటే మాస్టరుకు ముందే చెప్పాలి. గోళ్లు కత్తిరించండి. చేతి కడియం, మెడలో గొలుసు, వెండి మొలతాడు ఉంటే తరగతి ఉన్న రోజుల్లో తీసివేయండి. మొలతాడు విషయంలో అత్తగారు ఒప్పుకోకపోతే నల్లదారం కట్టమనండి.

మొదటి నెలలో వాడు ఆడకుండా గోడ పక్కన చెప్పుల దగ్గర కూర్చుంటే కంగారుపడకండి. నా దగ్గర ఒక పిల్లవాడు మూడు వారాలు అలాగే కూర్చున్నాడు. నేను రోజూ పేరు పిలిచి, రాకపోతే వదిలివేసేవాడిని. నాలుగో వారం ఎవరూ పిలవకుండానే లేచి వచ్చి చివరి వరుసలో నిలబడ్డాడు. అయితే వారాలు గడిచే కొద్దీ భయం పెరుగుతూ, తరగతి రోజున పొట్టనొప్పి అనడం, రాత్రి ఉలిక్కిపడి లేవడం వంటివి కనిపిస్తే కారణం తెలుసుకునేదాకా పంపకండి. ఫీజు నెలనెలా కట్టే చోట చేర్పించమనడంలో ఉన్న సౌకర్యం ఇదే. ఏడాది సొమ్ము ముందే కట్టినవారికి ఆ సొమ్ము గుర్తుకువచ్చి, పిల్లవాడి మాట సగమే వినపడుతుంది.

కరాటే డ్రెస్ రెండు నెలల తరువాత కొనండి, అంతవరకు టీషర్టు, నైట్ ప్యాంటు చాలు. కొనేటప్పుడు ఒక సైజు పెద్దది తీసుకుని, చేతులూ కాళ్లూ లోపలికి మడిచి కుట్టించండి. ముతక నూలు బట్ట కనుక రెండు ఉతుకులకు కొంత కుదించుకుపోతుంది, మిగిలిన మడత మరుసటి సంక్రాంతికి విప్పుకోవచ్చు.